మగవాళ్ల బట్టల మీద పీహెచ్‌డీ ఏమిటని అందరూ నవ్వుతున్నారు

హైదరాబాద్‌లో చరిత్రలో పీహెచ్‌డీ చేస్తున్న 27 ఏళ్ల పాఠకుడు రాసిన ఉత్తరం ఇది. పేరు, ఊరు వద్దన్నారు. చాలా పొడవుగా ఉంది కాబట్టి ముఖ్యమైనవి మాత్రం చెబుతాను.

ఆయనది కోస్తాలో ఒక చిన్న పట్టణం. నాన్నగారు ముప్ఫై ఏళ్లకు పైగా జెంట్స్ టైలర్. బజారులో సొంత దుకాణం, కాజాలు కుట్టడానికి ఇద్దరు కుర్రాళ్లు, సంక్రాంతి ముందు తెల్లవార్లూ మిషన్ల చప్పుడు. రెడీమేడ్ వచ్చాక గిరాకీ తగ్గి దుకాణం మూసేశారు. ఇప్పుడు ఒక బట్టల షాపు మెట్ల కింద కూర్చుని ప్యాంట్ల పొడవు తగ్గించే పని చేస్తున్నారు. కొడుకు ఎంచుకున్న అంశం: 1960 నుంచి 1990 దాకా కోస్తా పట్టణాల్లో మగవాళ్ల వేషం. పంచె నుంచి ప్యాంటుకు ఎవరు ముందు మారారు, బెల్‌బాటం ఎవరు వేశారు, మీసం, క్రాఫు ఎలా మారాయి, ఇదంతా దర్జీ కొట్లో ఎలా తేలేది అన్నది ఆయన ప్రశ్న. జేఆర్‌ఎఫ్ (పరిశోధన చేసేవాళ్లకు నెలనెలా ఇచ్చే ఫెలోషిప్) వస్తోంది. రెండో ఏడాది నడుస్తోంది.

ఇంట్లో బావగారు "ప్యాంట్ల డాక్టర్" అని పేరు పెట్టారు. అమ్మ ఇరుగుపొరుగుకు "ప్రాచీన చరిత్ర" అని చెబుతోంది. హాస్టల్లో తోటివాళ్లు "నువ్వు ఆ టైపా?" అంటున్నారు. ఇంకొందరు "బట్టల మీద పరిశోధన చేస్తూ ఈ చొక్కా ఏంట్రా" అంటున్నారు. గైడ్ గారు పోయిన నెల పిలిచి, ఉద్యోగాల మార్కెట్ బాగాలేదు, చేనేత సహకార సంఘాల మీదికి మారితే మంచిదన్నారు. ఈలోగా ఒక సంబంధం వచ్చింది. మేనమామ అటువాళ్లకు "చేనేత ఆర్థిక వ్యవస్థ మీద చేస్తున్నాడు" అని చెప్పేశారు. అమ్మాయి ప్రైవేటు స్కూల్లో లెక్కల టీచరు. ఫోన్లో "అయితే మగ్గాలు చూడ్డానికి వెళ్తుంటారా?" అని అడిగితే ఈయన అవునన్నారు.

అన్నిటికంటే బాధించింది నాన్నగారి మాట. అటక మీద పాత కొలతల పుస్తకాలున్నాయి. పేరు, కొలతలు, గుడ్డ ముక్క, ఇవ్వాల్సిన తేదీ, బాకీ అన్నీ అందులో ఉన్నాయి. అవి చూస్తానని, ఆయన మాటలు రికార్డు చేస్తానని కొడుకు అడిగితే ఆయన "నలుగురి కాళ్ల దగ్గర నన్ను మళ్లీ కూర్చోబెట్టి రాస్తావా? కావాలంటే ఆ పుస్తకాలు తగలబెట్టేస్తా" అన్నారు. ఆ తర్వాత నాన్నగారు పనికి వెళ్లినప్పుడు ఈయన కొన్ని పేజీలు ఫొటోలు తీసుకున్నారు. వాటిలో రెండు మూడు ఒక సెమినార్లో తెర మీద చూపించారు. "పేర్లు కనిపించాయి గానీ ఎవరూ పట్టించుకోలేదు" అని ఒక్క వాక్యంలో రాసి ముందుకు వెళ్లిపోయారు. చివరికి అడిగింది ఒక్కటే: "అంశం మార్చుకోమంటారా?"

సమాధానం:

అంశం మార్చుకుంటే మీ గైడ్ గారి దిగులు తీరుతుంది. బావగారికి వెక్కిరించడానికి ఒక మాట తగ్గుతుంది. కానీ నాన్నగారు అన్న మాట అలాగే ఉంటుంది, ఫొటోలు మీ ఫోన్లోనే ఉంటాయి. మీరు అన్నిటినీ ఒకే మూట కట్టి దానికి అంశం అని పేరు పెట్టారు. నేను మూట విప్పి ఒక్కొక్కటీ చూస్తాను. తేలికవాటితో మొదలుపెడతాను.

చొక్కా సంగతి ఒక్క మాటలో తేల్చేద్దాం. పాముల మీద పరిశోధన చేసేవాణ్ని బుస కొట్టమని ఎవరూ అడగరు. మీకు నచ్చిన చొక్కా వేసుకోండి.

నవ్వే వాళ్ల విషయం ఇంత చిన్నది కాదు. ఎందుకంటే ఆ నవ్వు కొంత మీలోకి కూడా వచ్చిందని మీ ఉత్తరం చదివితే తెలుస్తోంది. "ఇది సీరియస్ అంశమేనా?" అని మూడు చోట్ల అడిగారు. నవ్వుతున్నవాళ్లు కూడా మగవాళ్ల బట్టలను రోజూ చదువుతూనే ఉంటారు. ఎన్.టి.రామారావు ముఖ్యమంత్రిగా ఉంటూ కాషాయం కట్టినప్పుడు దాని మీద మాట్లాడని ఇల్లు లేదు. 2003లో చేవెళ్ల నుంచి పాదయాత్రకు బయల్దేరిన రాజశేఖరరెడ్డి పంచెకట్టును తర్వాత ఎందరు నాయకులు అనుకరించారో మీ ఊళ్లోనే చూసి ఉంటారు. గాంధీ 1921 సెప్టెంబరు 22న మదురైలో కొల్లాయి గుడ్డకు మారడం మన పాఠాల్లో ఉంది. అంబేడ్కర్ విగ్రహానికి సూటు ఎందుకు ఉండాలో పల్లెలో చిన్నపిల్లాడు కూడా చెబుతాడు. 2014లో పంచె కట్టుకుని వచ్చిన మద్రాసు హైకోర్టు న్యాయమూర్తిని చెన్నైలో ఒక క్లబ్బు లోపలికి రానివ్వలేదు. దాంతో తమిళనాడు అసెంబ్లీ ఏకంగా చట్టమే చేసింది. పంచె కట్టారని అడ్డుకుంటే క్లబ్బు లైసెన్సు రద్దు చేయొచ్చు. నాయకుడి బట్టలైతే చరిత్ర, మన వీధి కుర్రాడి బెల్‌బాటమైతే జోకు అన్నమాట.

విద్యారంగంలో కూడా ఈ నవ్వు పాతదే. లండన్‌లో జె.సి. ఫ్లూగెల్ అని ఒక మనస్తత్వ శాస్త్రవేత్త ఉండేవాడు. పద్దెనిమిదో శతాబ్దం చివర యూరప్ మగవాళ్లు రంగులు, అలంకారాలు ఆడవాళ్లకు వదిలేసి ముదురు రంగు కోట్లలోకి వెళ్లిపోయారని 1930లో ఆయన రాశాడు. ఆ ఆలోచనకు ఆయన పెట్టిన పేరు తెలుగులో చెప్పాలంటే మగవాళ్ల మహా పరిత్యాగం. బిగుసు కాలర్లు, టైలు వద్దంటూ 1929లో లండన్‌లో మొదలైన మగవాళ్ల దుస్తుల సంస్కరణ పార్టీలో ఆయన కూడా ఉన్నాడు. నిక్కర్లు వేసుకుని తిరిగిన ఆ పెద్దమనుషులను చూసి జనం బాగానే నవ్వుకున్నారు. ఫ్లూగెల్ చెప్పింది మాత్రం ఇప్పటికీ వాదించాల్సిన విషయంగానే ఉంది. 1999లో క్రిస్టఫర్ బ్రూవర్డ్ అనే చరిత్రకారుడు 1860 నుంచి 1914 దాకా ఉన్న బ్రిటన్‌ను తీసుకుని, మగవాళ్లు అలంకారం వదిలేశారన్న మాట నిజం కాదు, వాళ్లూ ఎగబడి కొన్నారని చూపించాడు. 2014 నుంచి మగవాళ్ల ఫ్యాషన్ కోసమే ఒక పరిశోధన పత్రిక వస్తోంది, పేరు క్రిటికల్ స్టడీస్ ఇన్ మెన్స్ ఫ్యాషన్. లండన్‌లోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియం 2022లో, న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియం 2025లో మగవాళ్ల బట్టల మీద పెద్ద ప్రదర్శనలు పెట్టాయి. మనకు పక్కనే తమిళనాడులో కాలేజీ కుర్రాళ్ల "స్టైల్" మీద కాన్‌స్టంటీన్ నకాసిస్ రాసిన పుస్తకం 2016లో వచ్చింది. నకిలీ బ్రాండు చొక్కా అని తెలిసీ దర్జాగా వేసుకునే కుర్రాళ్లు అందులో ఉంటారు. మీరు ఇంకా చదవకపోతే ముందు అదే చదవండి.

ఇవన్నీ బావగారికి చెప్పమని కాదు. ఆయన వినడు. సెమినార్ గదిలో మీకు గొంతు పెగలడానికి చెబుతున్నాను.

ఒక హెచ్చరిక కూడా ఉంది. ఫ్లూగెల్‌ను తెచ్చి కోస్తా బజారు మీద అతికించకండి. మన దగ్గర మగవాడి బట్టల కథలో కులం ముందుంటుంది. పంచె మోకాలి కిందికి కట్టినందుకు, చెప్పులతో పెద్దకులాల వీధిలో నడిచినందుకు దళితులు దెబ్బలు తిన్న ఊళ్లు ఎన్నో ఉన్నాయి. అలాంటి ఊరి నుంచి వచ్చిన కుర్రాడు టెరికాటన్ ప్యాంటు ఇస్త్రీ చేసి వేసుకుని బజారుకు రావాలంటే ధైర్యం కావాలి. అతను మీ నాన్నగారి దుకాణానికి వచ్చినప్పుడు ఏం జరిగి ఉంటుంది? టేపు అందరి ఒంటికీ తగిలిందా, కొందరికి కంటి కొలతతో సరిపెట్టారా? ఈ ప్రశ్న మీ ఉత్తరంలో ఎక్కడా లేదు. మీ నాన్నగారు మాట్లాడనిది దీని గురించేనని నేను అనడం లేదు. కానీ ముప్ఫై ఏళ్లు ఒక కొట్లో కూర్చున్న మనిషికి చెప్పుకోవడానికి ఇష్టంలేని జ్ఞాపకాలు కొన్ని ఉంటాయని మాత్రం గుర్తుంచుకోండి.

"ఆ టైపా?" అని అడిగేవాళ్లకు మీరు ఇప్పటిదాకా "ఛీ, కాదు" అని చెబుతున్నారని రాశారు. అలా అంటే, అయితే తప్పేనని మీరూ ఒప్పుకున్నట్టు అవుతుంది. ఆ హాస్టల్లో నిజంగా అలా ఉండి బయటికి చెప్పుకోలేని కుర్రాడు ఒకడు మీ జవాబు వింటూ ఉండొచ్చు. "అంటే ఏంటి?" అని మామూలుగా అడిగి ఊరుకుంటే చాలామంది అక్కడితో ఆగిపోతారు. కొందరు ఆగరు. శృతి మించితే వార్డెన్‌కు రాతపూర్వకంగా ఇవ్వొచ్చు. అప్పుడు కొన్నాళ్లు మెస్‌లో ఒంటరిగా తినాల్సి వస్తుంది. అది కూడా ఆలోచించుకుని చేయండి.

ఇక గైడ్ గారు. ఆయన మిమ్మల్ని చిన్నచూపు చూస్తున్నారని మీకు అనిపించింది. నాకు అలా అనిపించలేదు. మీకు ఉద్యోగం రాకపోతే ఆ బాధ ఆయనకూ ఉంటుంది. చేనేత సంఘాలకు రికార్డులు ఉంటాయి. చీరాల, మంగళగిరి లాంటి చోట అడిగితే చెప్పే మనుషులుంటారు. ఇంటర్వ్యూలో కూర్చున్నవాళ్లకు అంశం వెంటనే అర్థమవుతుంది. నష్టం ఏమిటంటే, ఆ దారిలో ఇప్పటికే చాలామంది నడిచారు, మీకు అక్కడ ప్రత్యేకంగా తెలిసింది ఏమీ లేదు. కాలం లెక్క కూడా చూసుకోండి. యూనివర్సిటీలకు నియమాలు పెట్టే యూజీసీ 2022 నిబంధనల ప్రకారం చేరిన రోజు నుంచి ఆరేళ్లు గడువు, మళ్లీ రిజిస్టర్ చేయించుకుంటే గరిష్ఠంగా ఇంకో రెండేళ్లు. ఫెలోషిప్ మాత్రం ఐదేళ్లకే. మొదటి రెండేళ్లు నెలకు 37,000, తర్వాత 42,000 రూపాయలు. ఇప్పుడు మారితే చదివిన ఏడాదిన్నర చదువు చాలావరకు పక్కకు పోతుంది. మీ ఇంటి పరిస్థితిలో చివరి ఏడాది డబ్బు లేకుండా గడపడం తేలిక కాదు.

మధ్యలో ఒక దారి ఉంది. అంశాన్ని ఉంచి శీర్షికను మార్చడం. దర్జీ శ్రమ, రెడీమేడ్ రాక, చిన్న పట్టణాల మార్కెట్ అని ముందుకు తెచ్చి, మగవాళ్ల వేషాన్ని అందులో రెండు అధ్యాయాలుగా పెట్టొచ్చు. రీసెర్చ్ అడ్వైజరీ కమిటీ ముందు ఇది సులభంగా నిలబడుతుంది, గైడ్ గారికీ ఊరట. కానీ జాగ్రత్త, శ్రమ చరిత్ర మెల్లగా అంతా ఆక్రమిస్తుంది. మూడేళ్ల తర్వాత చూసుకుంటే మీకు ఇష్టమైన ఆ బెల్‌బాటం కుర్రాడు ఫుట్‌నోట్‌లో ఉంటాడు. అది మీకు పర్వాలేదా? నన్నడిగితే శీర్షిక మార్చడంలో తప్పు లేదు, కానీ ఆ రెండు అధ్యాయాలు ముందు రాసేయండి.

ఉద్యోగం గురించి ఒక మాట. డిగ్రీ కాలేజీ లెక్చరర్ పోస్టుకు సర్వీస్ కమిషన్ పరీక్ష మొత్తం సిలబస్ మీద ఉంటుంది, థీసిస్ దేని మీద అన్నది అక్కడ పెద్దగా లెక్కకు రాదు. యూనివర్సిటీ ఇంటర్వ్యూలో వస్తుంది. 1995 నుంచి హైదరాబాద్‌లో నిఫ్ట్ అనే ఫ్యాషన్ విద్యాసంస్థ ఉంది. అలాంటి డిజైన్ విద్యాసంస్థల్లో దుస్తుల చరిత్ర పాఠ్యాంశమే, కాకపోతే పోస్టులు తక్కువ. మీ ఆశలన్నీ దాని మీదే పెట్టుకోవద్దు.

ఇప్పుడు నాన్నగారి దగ్గరికి వద్దాం.

ఆయన మాటను మీరు కోపంగా తీసుకున్నారు. "నా చదువంటే ఆయనకూ చులకనే" అని రాశారు. ఆయన అన్నది మళ్లీ చదవండి. ప్యాంటు పొడవు, లోపలి కొలత తీయాలంటే దర్జీ నేల మీద ముంగాళ్ల మీద కూర్చోవాలి. కొలత ఇచ్చేవాడు నిలబడి పైకి చూస్తూ ఉంటాడు. మీరు ఫోన్ పట్టుకెళ్లి "బెల్‌బాటం ఎప్పుడు వచ్చింది నాన్నా?" అని అడిగారు. మీ ప్రశ్న నిలబడ్డవాడి గురించి. ఆయనకు గుర్తొచ్చింది కూర్చున్న తాను. కొడుకు అలా కూర్చోకూడదనే ఆయన మిమ్మల్ని చదివించారు. ఆ కొడుకు పెద్ద చదువు చదివి మళ్లీ ఆ చోటుకే వచ్చాడు. బావగారి నవ్వుకూ దీనికీ సంబంధమే లేదు.

మీ ముందు నాకు కనిపిస్తున్న దారులు ఇవి. ఒకటి, ఆయన్ను పూర్తిగా వదిలేసి వేరే ఊళ్ల దర్జీలతో పని చేయడం. పరిశోధన ఆగదు, చాలామంది సంతోషంగా మాట్లాడతారు. కానీ ఊళ్ల మధ్య దర్జీలకు పరిచయాలుంటాయి, మీరు తిరుగుతున్న సంగతి ఆయన చెవిన పడుతుంది. "నన్ను కాదని ఎవరినో అడిగాడు" అని అనుకోవచ్చు, హమ్మయ్య అనుకోనూ వచ్చు. రెండోది, మీ బదులు మీ స్నేహితుడెవరైనా వెళ్లి మాట్లాడటం. తండ్రులు కొడుక్కి చెప్పనివి పరాయివాడికి చెబుతారు, మౌఖిక చరిత్ర సేకరించేవాళ్లు తరచూ చూసే సంగతే ఇది. అయితే ఆ మాటలు రాసిన కాగితాలు తర్వాత మీరు చదవాలి. మీ ఫీజు కట్టడానికి ఎవరి దగ్గర అప్పు చేశారో, ఎవరు ఏమన్నారో టైపు చేసిన పేజీలో తెలుసుకోవడానికి మీరు సిద్ధమేనా? పైగా ఆ మాటలు మీరు చదువుతారని మాట్లాడే ముందే నాన్నగారికి చెప్పాలి. చెబితే ఆయన మాట్లాడకపోవచ్చు.

ఇంకొకటి, రికార్డర్ లేకుండా ఆయన దగ్గర పని నేర్చుకోవడం. కత్తెర పట్టడం, కటింగ్, కాజా. దర్జీ పని రాకుండా దర్జీ కొట్టు చరిత్ర రాయడం ఎలాగూ కష్టం. సెలవులకు వెళ్లినప్పుడు అడిగి చూడండి. చేతులు పనిలో ఉంటే మాటలు వస్తాయి, రాకపోయినా పని వస్తుంది. అలా విన్నది మళ్లీ అడగకుండా థీసిస్‌లో పెట్టడానికి మాత్రం వీల్లేదు. ఇదో ఎత్తుగడ అని ఆయనకు అనిపించిందంటే ఇప్పుడున్న మాటలు కూడా ఉండవు. థీసిస్‌లో రాకపోయినా సరే అనుకోగలిగితేనే ఈ దారి.

ఫొటోల దగ్గర మాత్రం నాకు రెండు దారులు కనిపించడం లేదు. వద్దన్న తర్వాత, ఆయన ఇంట్లో లేనప్పుడు తీశారు. పేర్లతో తెర మీద చూపించారు. ఆ పుస్తకంలో ఉన్నవి మీ నాన్నగారి రహస్యాలు మాత్రమే కావు. ఒక మనిషి నడుము ఎంత, ఎన్నాళ్లు బాకీ పెట్టాడు, ఏ ఏడాది గుడ్డ నాణ్యత తగ్గింది అన్నవి దర్జీని నమ్మి ఇచ్చిన వివరాలు. ఆ మనుషుల పిల్లలు ఇప్పుడూ ఆ ఊళ్లోనే ఉన్నారు. సెమినార్‌లో ఎవరూ పట్టించుకోలేదన్నది మీ అదృష్టం. ముందు ఆ స్లైడ్లు ఎక్కడెక్కడికి వెళ్లాయో కనుక్కుని తీయించండి. గైడ్ గారికి చెప్పండి, ఎందుకంటే రేపు ప్రశ్న వస్తే ఆయనా జవాబు చెప్పాలి. తర్వాత నాన్నగారికి చెప్పండి. ఆయన కళ్లెదుటే ఆ ఫొటోలు ఫోన్లోంచి తీసేయండి.

చెబితే నిజంగానే పుస్తకాలు తగలబెడతారేమో అని మీ భయం. తగలబెట్టొచ్చు. పరిశోధకుడిగా అది పెద్ద నష్టమని నాకూ తెలుసు. ఒకే మనిషి ప్యాంటు బాటం 14 అంగుళాల నుంచి 24కి వెళ్లి మళ్లీ దిగిన సంగతి తేదీలతో దొరికే చోటు ఇంకెక్కడుంటుంది? అయినా అవి ఆయనవి. ఇంతకాలం అటక మీద దాచుకున్న మనిషి ఒక్క మాటతో కాల్చేస్తారని నాకు నమ్మకం లేదు. పనికిరానివైతే దుకాణం మూసిన రోజే పాతకాగితాలవాడికి వేసేవారు. ఆయన కొంత మెత్తబడితే అడగాల్సింది చిన్నది: ఏ పేజీలు చూపించాలో ఆయనే తీసివ్వాలి, పేర్లు మార్చాలి, ఊరి పేరు రాకూడదు, ఎప్పుడు వద్దంటే అప్పుడు ఆపేయాలి. ఇవి కాగితం మీద రాసి ఆయనకు ఒక కాపీ ఇవ్వండి. కొడుకు తండ్రితో కాగితం రాసుకోవడం ఎబ్బెట్టుగా ఉంటుందని మీకు అనిపిస్తుంది. ముప్ఫై ఏళ్లు కొలతలు, బాకీలు రాసిపెట్టుకున్న మనిషికి అందులో ఎబ్బెట్టు కనిపించదనే నా ఊహ.

సంబంధం గురించి చివర్లో నాలుగు లైన్లే రాశారు, నేనూ ఎక్కువ రాయను. అంశం మార్చుకుంటే మేనమామ చెప్పింది నిజమైపోతుందన్న ఆలోచన మీకు వచ్చినట్టుంది. ఒక అబద్ధాన్ని నిజం చేయడానికి నాలుగేళ్లు చేనేత సంఘాల లెక్కలు చదవకండి. నిశ్చితార్థానికి ముందే ఆమెకు చెప్పండి. చెబితే వాళ్లు వెనక్కి తగ్గొచ్చు. అంశం వల్ల తగ్గినా, అబద్ధం వల్ల తగ్గినా మీకు కారణం చెప్పరు. చెప్పకపోతే పెళ్లయ్యాక ఎవరో ఒకరు "ప్యాంట్ల డాక్టర్" అంటారు, అప్పుడు ఆమెకు తెలుస్తుంది. ఆమె మగ్గాల గురించి అడిగిందంటే మీ పని మీద ఆసక్తి ఉండే అడిగి ఉంటుంది. కొలతల పుస్తకాల గురించి చెప్పండి, లెక్కల టీచరుకు అందులో అడగాల్సినవి చాలా ఉంటాయి. అయితే ఆమెకంటే ముందు మేనమామకు చెప్పండి. అటువాళ్ల దగ్గర మాట ఇచ్చింది ఆయన. ఆయనకు తెలియకుండా మీరు చెబితే మాట పోయేది ఆయనకే. ఫోన్లో కాదు, ఇంటికి వెళ్లి, అత్తయ్య కూడా ఉన్నప్పుడు చెప్పండి.